వంకర ముక్కు వెండి నాణెం

సముద్రం ఒడ్డునే ఉండి, సముద్రానికి వీపు పెట్టి కూర్చున్న రాజ్యం ఒకటి ఉండేది. కోట గుమ్మాలన్నీ పడమట పొలాల వైపుకే తెరుచుకునేవి. తూర్పు కిటికీలను ఉప్పుగాలి సోకకుండా ఎప్పుడో మూయించారు. ఆ రాజ్యాన్ని ధీరసింహ భూపతి ఏలేవాడు.

ఆయనకు బిరుదులు చాలా ఉండేవి. కొలువు మొదలు కాగానే వందిమాగధులు వాటిని వరసగా చదివేవారు. అన్నింటిలోకీ ఆయనకు ముద్దయినది ‘సముద్రాధీశ్వర’ అన్న బిరుదు. తీరా చూస్తే ఈ సముద్రాధీశ్వరుడు పుట్టి బుద్ధెరిగాక ఒక్క అలలోనైనా పాదం తడుపుకున్నవాడు కాదు. ఒకసారి ఇసుకలోకి లాగి ఉంచిన పడవలో కూర్చోబెడితే కళ్లు తిరిగి, మంత్రి భాస్కరామాత్యుడి భుజం మీద వాంతి చేసుకున్నాడని చెప్పుకుంటారు. మంత్రిగారు ఆ ఉత్తరీయాన్ని ఉతికించకుండా పెట్టెలో దాచుకున్నారనీ అంటారు. అంతవరకు నేను నమ్మను.

ఆ రాజ్యానికి సిరి లవంగాల వల్ల వచ్చింది. లవంగాలు లవంగ దీవి నుంచి వచ్చేవి. ఆ దీవికి దారి కనిపెట్టినవాడు దానయ్య అనే తండేలు. తండేలంటే పడవకు పెద్ద. ఎటు పోవాలో, తెరచాప ఎప్పుడు దించాలో అతడే చెప్పాలి. దానయ్యకు ముందు పడవలన్నీ ఒడ్డు కనబడినంత దూరం పోయి తిరిగి వచ్చేసేవి. దానయ్య మాత్రం సాయంత్రంపూట పిట్టలు తూర్పుగా ఎగిరిపోవడం చూశాడు. నేల లేనిచోట పిట్ట నిద్రపోదు గదా అనుకుని వాటి వెనకాలే పడవ పోనిచ్చాడు. లవంగాల మూటతో తిరిగి వచ్చి, దారిని దాచుకోకుండా పేటలో అందరికీ చెప్పాడు. ఆ దీవికి అవతల ఇంకా ఏముందో చూసి వస్తానని మళ్లీ బయలుదేరాడు. ఈసారి రాలేదు.

ఏళ్లు గడిచాయి. ఒకనాడు పరదేశి వర్తకులు కొలువుకు వచ్చి, “ఈ సముద్రపు దారి కనిపెట్టిన మహానుభావుడికి మీ దేశంలో ఏం గౌరవం చేశారు మహారాజా?” అని అడిగారు. రాజు మంత్రి వైపు చూశాడు. మంత్రి పైకప్పు వైపు చూశాడు. ఏమీ చేయలేదని ఒప్పుకుంటే పరువు పోతుందని, “వెండి నాణెం వేయిస్తున్నాం. చేపల వేట మొదలయ్యే పండుగనాడు విడుదల,” అని రాజు అప్పటికప్పుడు అనేశాడు.

అనేశాక చేయక తప్పదు. టంకశాలలో అచ్చులు చెక్కే వీరాచారి సముద్రం ఒడ్డున ఉన్న పల్లెకు పోయి దానయ్య భార్య నూకాలును కలుసుకున్నాడు. ఆమె గంపలో చేపలు అమ్ముకుని పిల్లల్ని పెంచుకొచ్చింది. వీరాచారి మైనం ముద్ద చేతిలో పట్టుకుని, “మీ ఆయన ఎలా ఉండేవాడో చెప్పమ్మా,” అన్నాడు. ఆమె మొదట ఏమీ చెప్పలేకపోయింది. ఆ తర్వాత మైనం ముద్ద తానే అందుకుని, ముక్కును బొటనవేలితో ఒక పక్కకు నొక్కింది. తెడ్డు తగిలి దానయ్య ముక్కు వంకర పోయిందట.

అచ్చు తయారయ్యాక వీరాచారి మచ్చుకు ఒక్క నాణెం కొట్టి ఆమెకు చూపించాడు. ఒక పక్క దానయ్య ముఖం. రెండో పక్క తెరచాప ఎత్తిన పడవ. నూకాలు నాణేన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. చూసి, “ఇన్నాళ్లూ ఏ గట్టున కూకున్నావురా?” అని దాన్ని గట్టిగా తిట్టింది. వీరాచారికి కళ్లలో నీళ్లు తిరిగాయి. పని బాగా కుదిరిందని అతడికి అప్పుడే తెలిసింది.

మొదటి నాణెం తండేలు భార్యకు రాజు పళ్లెంలో పెట్టి ఇప్పించాలని ఏర్పాటు. నూకాలు ఉతికిన చీర కట్టుకుని కొలువుకు వచ్చింది. వీరాచారి మచ్చు నాణేన్ని పళ్లెంలో పెట్టి రాజు ముందుంచాడు.

రాజు దాన్ని చూసి, “ఎవరీ ముక్కు వంకర మనిషి?” అన్నాడు.

“దానయ్య, ప్రభూ.”

“మరి మేమెక్కడ?” అంటూ రాజు నాణేన్ని తిప్పించాడు. “ఈ పడవలో ఉన్నామా?”

కొలువులో మాచన అనే విదూషకుడు ఉండేవాడు. నోట్లో మాట నిలిచేది కాదు. “పడవ ఖాళీగా ఉంది ప్రభూ. కళ్లు తిరిగి మధ్యలోనే దిగిపోయి ఉంటారు,” అన్నాడు.

సభికులు ఉత్తరీయాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. రాజు ముఖం ఎర్రబడింది. మంత్రి వెంటనే లేచి నిలబడ్డాడు.

“ప్రభూ, దానయ్య పోయిన సముద్రం ఎవరిది? తమది. వాడు వెంటబడిన పిట్టలు ఎవరివి? తమవి. తమ సముద్రంలో తమ పిట్టల వెనకాల పోయినవాడి గొప్ప ఏముంది? ఆ నాణెం మీద ఉండవలసింది తమ రూపమే.”

రాజుకు ఇది న్యాయంగా తోచింది. “ఆ అచ్చు మీద ముఖాన్ని అరగదీసి మా ముఖం చెక్కు. వాడి పేరు అంచున చిన్న అక్షరాలతో ఉండనీ. ఈ మచ్చు నాణెం కరిగించేయి. మా రాజ్యంలో ఇంకొకడి ముఖంతో నాణెం ఉండటానికి వీల్లేదు,” అన్నాడు.

నూకాలు ముందుకు వచ్చి నేల మీద కూర్చుంది.

“బాబూ, ఆ మొగం సెరిపీకండి. నాను మర్సిపోతాన్నాను బాబూ. ఈ ఆచారిబాబు వొచ్చి అడిగితే ఎలాగో గ్యాపకం తెచ్చుకున్నాను. మళ్లీ సెప్పమంటే నాకు రాదు.”

“ఏడవకు. నీకు పట్టుచీరలు ఇప్పిస్తాం,” అన్నాడు రాజు. ఆయన దుర్మార్గుడేం కాదు. తన ముఖం తప్ప ఇంకొకటి ఆయనకు ఎప్పుడూ కనబడలేదు, అంతే.

“సీరలు సూసి ఆయన్ని గుర్తు పట్టనేను కదా బాబూ,” అంది నూకాలు.

మాచన ఆమె వైపు చూశాడు. ఎప్పుడూ నవ్వే మనిషి అప్పుడు నవ్వలేదు. చేతులు కట్టుకుని రాజు ముందు నిలబడ్డాడు.

“ప్రభూ, ఈ పని నాకు అప్పగించండి. ముందుగా తమ రూపం వేరే అచ్చు మీద చెక్కిద్దాం. ఒక్క నాణెం కొట్టించి బజారులో వదులుదాం. ప్రభువులు మారువేషంలో వచ్చి ఆ నాణెం వెంట నడవాలి. ప్రజలు దాన్ని ఎలా కళ్లకద్దుకుంటారో, ఎలా మొక్కుతారో స్వయంగా చూడాలి. ఆ ముచ్చట తీరాక దానయ్యను అరగదీయడం ఎంతసేపు?”

రాజుకు ఈ మాట తేనెలా తగిలింది. “సరే. కానీ మా రూపానికి రవ్వంత అమర్యాద జరిగినా నీ తల ఉండదు,” అన్నాడు.

“నా వల్ల జరిగితే తప్పకుండా తీయించండి,” అన్నాడు మాచన. కరిగించవలసిన మచ్చు నాణేన్ని తానే అందుకుని రొంటిన దోపుకున్నాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ దేశపు నాణేల మీద అంతవరకు శంఖం గుర్తు ఒక్కటే ఉండేది. ముఖాలు ఉండేవి కావు. పైగా రాజులు నాణేన్ని చేత్తో తాకడం అక్కడ మర్యాద కాదు. ఏది కావాలన్నా నౌకర్లు తెచ్చేవారు, ఏది ఇవ్వాలన్నా పళ్లెంలో పెట్టి ఇచ్చేవారు. అందుచేత నాణెం అనేది కోట దాటాక ఏం పాట్లు పడుతుందో ధీరసింహ భూపతికి బొత్తిగా తెలియదు.

వీరాచారి రెండో పక్క పడవను అలాగే ఉంచి రాజు ముఖం చెక్కాడు. గడ్డం కింద మడతలు తీసేశాడు. మీసం చాలదని రాజు మళ్లీ మళ్లీ తిప్పి పంపాడు. చివరికి మీసం నాణెం అంచును తాకింది కాబట్టి అక్కడితో ఆపవలసి వచ్చింది.

ఒక ఉదయం రాజు ధాన్యం వర్తకుడి వేషం వేసుకున్నాడు. మాచన ఆయన గుమాస్తాగా మారాడు. ఇద్దరూ బజారుకు పోయి తమలపాకుల కొట్టు ముందు ఆగారు. మాచన ఆకుల మోపు ఒకటి కొని కొత్త నాణెం ఇచ్చాడు. రాజు ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు.

కొట్టు ముసలాయన నాణేన్ని పక్కనున్న రాతి మీదకు విసిరికొట్టాడు. అది ఖంగున మోగి పైకెగిరింది. దాన్ని పట్టుకుని పక్క పళ్లతో గట్టిగా కొరికాడు.

“ఏమయ్యా! దాని మీద రాజుగారి ముఖం కనబడటం లేదూ?” అన్నాడు రాజు.

“ఎందుకు కనబడదూ? మీసం బాగానే ఉంది. ఆ మీసంలో వెండి ఉందో సీసం ఉందో కొరికితే కదా తెలిసేది!” అని ముసలాయన నాణేన్ని పంచెకు రుద్దుకున్నాడు.

రాజు తన చెంప తడుముకున్నాడు.

కాసేపటికి ఆకులు తెచ్చిన బండివాడు వస్తే ముసలాయన ఆ నాణెం అతడికి ఇచ్చేశాడు. బండివాడు సందు మలుపు తిరిగేసరికి ఎదురుగా ఇంకో బండి వచ్చింది. ఎవరు వెనక్కి తగ్గాలన్న తగువు వచ్చింది. “బొమ్మా బొరుసా?” అని నాణేన్ని పైకి ఎగరేశారు. అది గిరగిరా తిరిగి, ఎద్దు అప్పుడే వేసిన పేడలో పడింది.

“పడవ పైకుంది, బొమ్మ పేడలో ఉంది. నువ్వే ఓడావు, బండి వెనక్కి తియ్యి!” అన్నాడు మొదటి బండివాడు.

రాజు చెయ్యి మొలకు పోయింది. ధాన్యం వర్తకుడి మొలలో కత్తి ఉండదు.

“ప్రభూ, మొక్కుబడి ఇంకా మొదలు కాలేదు. కాస్త ఓపిక పట్టండి,” అన్నాడు మాచన.

బండివాడు నాణేన్ని గడ్డితో తుడిచి, అంగడి చివర ఎండుచేపలు అమ్మే గున్నయ్య దగ్గర పెద్ద బుట్ట ఒకటి కొన్నాడు. గున్నయ్య రెండు చేతులా చేపలే ఉన్నాయి. అందుకని నోరు తెరిచాడు. బండివాడు నాణేన్ని అందులో వేశాడు. బుగ్గన పొగాకు అప్పటికే ఉంది. గున్నయ్య ఆ తర్వాత ఇంకో ఇద్దరితో బేరమాడాడు. మాట మాటకీ రాజుగారు ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మారుతూ ఉన్నారు.

“మాచనా, వాడు మమ్మల్ని నములుతున్నాడు,” అన్నాడు అసలు రాజు నీరసంగా.

“నమలడం లేదు ప్రభూ, చప్పరిస్తున్నాడు. నాణేన్ని భద్రంగా దాచుకోవడం అంటే వాళ్లకు అదే.”

బేరాలు ముగిశాక గున్నయ్య సముద్రం వైపు నడిచాడు. అల్లుడు కొత్త పడవ కట్టించుకున్నాడు. ఆ రోజే దాన్ని నీళ్లలోకి తోస్తున్నారు. ఒడ్డున డప్పులు మోగుతున్నాయి, ఆడవాళ్లు పడవ ముక్కుకు పసుపు పూస్తున్నారు. గున్నయ్య మోకాలి లోతు నీళ్లలోకి పోయి, నాణేన్ని అరచేతిలోకి ఉమ్మి, అలలో కడిగి, “తల్లీ గంగమ్మా! నీ వెండి నీకు, నా బిడ్డలు నాకు!” అని విసరబోయాడు.

“ఆగు!” అని రాజు కేక పెట్టాడు. ఒడ్డునున్న కాకులన్నీ లేచిపోయాయి. “నన్ను నీళ్లలో వెయ్యకు!”

గున్నయ్య వెనక్కి తిరిగి ఆయన్ను ఎగాదిగా చూశాడు. “మిమ్మల్ని ఎవులేత్తన్నారండీ? నాను నాణెం ఏత్తన్నాను.”

“దాని మీద ఉన్నది ఎవరో తెలుసా?”

గున్నయ్య నాణెం చూశాడు, ఆయన్ను చూశాడు, మళ్లీ నాణెం చూశాడు. “నాకు తెల్దు బాబూ. మీ సుట్టమేటి?”

“దగ్గరి చుట్టమే,” అన్నాడు మాచన. శంఖం గుర్తు ఉన్న పాత వెండి నాణెం ఒకటి ఇచ్చి, రాజు ముఖం ఉన్నదాన్ని వెనక్కి తీసుకున్నాడు.

“ఏదైతే ఏటి, గంగమ్మకి వెండి కావాల. ఈ పాలి రాజుగోరు కొత్త నాణేలు కొట్టిత్తన్నారట. పండగనాడు మొదటిది గంగమ్మకే పడాల. అదీ తండేలు పెళ్లాం సేత్తో పడాల. లేపోతే ఒక్క పడవా కదల్దు,” అని గున్నయ్య పాత నాణేన్ని అలలోకి విసిరాడు.

తిరుగుదారిలో రాజు కోట గోడ కనబడ్డాక గొంతు సవరించుకున్నాడు.

“చాటింపు వేయిస్తాం. మా నాణేన్ని ఎవరూ కొరకరాదు, ఎగరేయరాదు, నోట్లో పెట్టుకోరాదు, నీళ్లలో వెయ్యరాదు.”

“తప్పకుండా వేయించండి ప్రభూ. కొరక్కుండా షరాబు తీసుకోడు. నోట్లో పెట్టుకోకుండా బెస్తవాడు తీసుకోడు. ఇక ఆ నాణెం దేవుడి పటంలాగా గోడకు వేలాడుతుంది. దాంతో చిటికెడు ఉప్పు కూడా రాదు. పరదేశి వర్తకులు వచ్చి, మీ నాణెం చెల్లుతుందా అని అడిగితే మంత్రిగారు మళ్లీ పైకప్పు చూడాలి.”

“పోనీ, రెండు వైపులా మా ముఖమే వేయిస్తే? ఎటు పడినా మేమే పైన ఉంటాం.”

“ఎటు పడినా కింద కూడా తమరే ఉంటారు ప్రభూ. ఇవాళ పేడలో సగమే పడ్డారు.”

రాజు నడక ఆపేశాడు. పొగాకు బుగ్గ గుర్తుకొచ్చి పైపంచెతో ముఖం తుడుచుకున్నాడు.

“విసిరికొట్టించుకోవడం, ఉప్పునీళ్లలో మునగడం, చేపల మధ్య పడి ఉండటం, ఇవన్నీ మాకెందుకు? ఎవరికి అలవాటో వాళ్లే పడాలి!” అన్నాడు.

“ఎవరికి అలవాటు ప్రభూ?” అన్నాడు మాచన అమాయకంగా.

రాజు అతడి వైపు కోపంగా చూసి కోటలోకి పోయాడు. మర్నాడు కొలువులో ప్రకటన వెలువడింది. ప్రభువుల రూపం ఎంగిలి పడరాదు గనుక, ఆ నాణెం మీద తండేలు దానయ్య రూపమే ఉండుగాక, ప్రభువుల ముఖం ఉన్న మచ్చు నాణెం కరిగించబడుగాక! మంత్రి భాస్కరామాత్యుడు ఈ నిర్ణయం ఇంద్రుడికి కూడా తట్టదని పొగిడాడు. ముందు దాన్నీ ఆయనే పొగిడాడు, ఇప్పుడు దీన్నీ ఆయనే పొగిడాడు. మంత్రి పదవి ఊరికే రాదు కదా.

వేట మొదలయ్యే పండుగ వచ్చింది. పడవలన్నీ ఒడ్డున బారుగా నిలిచాయి. రాజు నీళ్లకు బాగా ఎడంగా పందిరి వేయించుకుని కూర్చున్నాడు. టంకశాల నుంచి కొత్త నాణేలు బస్తాల్లో వచ్చాయి. మాచన రొంటి నుంచి ఆ మొదటి మచ్చు నాణేన్ని తీసి పళ్లెంలో పెట్టాడు. రాజు మర్యాద పక్కనబెట్టి దాన్ని తన చేత్తోనే నూకాలుకు ఇచ్చాడు. జనం “గంగమ్మ తల్లికీ!” అని కేక వేశారు. గున్నయ్య ఆమెను నీళ్ల దాకా తీసుకుపోయాడు.

అలలు పాదాలు తడుపుతుండగా నూకాలు అరచెయ్యి తెరిచి నాణేన్ని చూసింది. తర్వాత దాన్ని కొంగున ముడి వేసుకుంది.

“ఏటమ్మా, విసురు!” అన్నాడు గున్నయ్య.

“ఇసరను.”

“మొదటిది గంగమ్మది కదే!”

“మొదటిసారి ఇచ్చీసినాను కదన్నా! ఈయన్నే ఇచ్చినాను. రెండోసారి ఇవ్వను.”

డప్పులు ఆగిపోయాయి. ఆమెను బలవంతపెట్టే ధైర్యం ఎవరికీ లేదు. మొదటి నాణెం పడకుండా పడవ తోసే ధైర్యం కూడా ఎవరికీ లేదు. లవంగాల కోసం వచ్చిన పరదేశి వర్తకులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మంత్రి తల ఎత్తాడు గాని, అక్కడ పైకప్పు లేదు.

మాచన మెల్లగా ముందుకు వచ్చాడు. “ఈ నాణేలకంటే ముందు కొట్టిన కొత్త నాణెం ఇంకొకటి ఉంది. అది పడితే గంగమ్మ కాదనదు. కానీ చూపించాలంటే భయంగా ఉంది,” అని చెయ్యి తెరిచాడు. అంచును తాకే మీసంతో ధీరసింహ భూపతి ఎండలో తళతళ మెరిశాడు.

“కరిగించమన్నాం కదా!” అన్నాడు రాజు.

“రెండింటినీ కరిగించమన్నారు ప్రభూ. నేను బద్ధకస్తుణ్ణి. నా తల తీయించాలంటే ఇదే సమయం. పడవలు కదలాలన్నా ఇదే సమయం.”

రాజు నాణేన్ని చూశాడు. పడవలను చూశాడు. కొంగు ముడి గుప్పిట్లో పట్టుకుని అలల్లో నిలబడిన నూకాలును చూశాడు. ఉన్నట్టుండి ఆయన పొట్ట కదిలింది. మొదట దగ్గు అనుకున్నారు, కానీ నవ్వు. పందిరి గుంజ పట్టుకుని, కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వాడు.

“ఇన్నేళ్లుగా సముద్రాధీశ్వర అని పిలిపించుకున్నాను. ఒక్కసారైనా సముద్రం చూడకపోతే ఎట్లా?” అన్నాడు.

చెప్పులు విడిచి, మాచన భుజం పట్టుకుని, రాజు చీలమండల లోతు నీళ్లలోకి దిగాడు. కళ్లు తిరిగాయి, ఓర్చుకున్నాడు. నాణేన్ని నూకాలు చేతిలో పెట్టి, “తండేలు భార్య చేత్తోనే పడాలట కదమ్మా. వెయ్యి,” అన్నాడు.

నూకాలు దాన్ని కళ్లకద్దుకుంది. పాపం, రాజు బజారంతా తిరిగి వెతికిన మొక్కు అదొక్కటే.

“బాబూ, మీరు అడుక్కి ఎల్తున్నారు కదా. అక్కడ మా ఆయన కనబడితే, పిల్లలు పెద్దోళ్లయినారని సెప్పండి,” అని నాణేన్ని అలలోకి విసిరింది.

“చెబుతానమ్మా,” అన్నాడు రాజు. ఆ మాటకు ఆయన నవ్వలేదు.

డప్పులు మళ్లీ మోగాయి, పడవలు కదిలాయి. రాజు మెడలోని ముత్యాల హారం తీసి మాచన మెడలో వేస్తూ, “నన్ను బజారుకు ఎందుకు తీసుకుపోయావో నాకు తెలియదనుకున్నావా?” అన్నాడు.

“ఎప్పుడు తెలిసింది ప్రభూ?”

“పేడ దగ్గర,” అని రాజు మళ్లీ పగలబడి నవ్వాడు. కోట తూర్పు కిటికీలు ఆ ఏడాదే తెరిపించారు.

దానయ్య నాణెం ఆ దేశంలో చాలాకాలం చెల్లింది. కొరికేవారు కొరికారు, బుగ్గన పెట్టుకునేవారు పెట్టుకున్నారు. చేతులు మారి మారి, రొంటిన ఒరిసి ఒరిసి, ఆ వంకర ముక్కు అరిగిపోయి చివరకు తిన్నగా అయిపోయిందట. నూకాలు కొంగున ఉన్న నాణెం మీద మాత్రం వంకర వంకరగానే ఉండిపోయింది.